మూత్రపిండ రోగులకు పప్పన్నము నిషిద్ధమా?



మూత్రపిండవ్యాధి యున్నదని తెలిసిన దినముననే విస్తరినుండి పప్పు తొలగించుట మన యిండ్లలో నాచారమైపోయినది. రోగి చారన్నముతోడను ఊరుగాయతోడను దినములు గడపి కొలదికాలమునకే చిక్కి శల్యమగుచున్నాడు. దీనిని పథ్యమనుటకు మాకు మనసొప్పదు.

“మాంసకృత్తు” అను పదమే కొందఱను భ్రమపెట్టుచున్నది. మాంసమును నిర్మించునది యని దాని యర్థము. మాంసమునందు మాత్రమే యుండునది యని కాదు. 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములును, అంతే బియ్యములో 7, 8 గ్రాములును మాంసకృత్తులు కలవు. శరీరము వాడుకొనగా మిగిలిన దాని మలినము యూరియాగా మాఱి మూత్రపిండముల ద్వారా వెడలవలెను. మితిమీఱి భుజించినచో వానికి శ్రమ హెచ్చును. కండలకై పొడులు త్రాగు మన యువకులలో ఈ వ్యాధి కలవారు దీనిని గమనింతురు గాక.

అయిన మితమెంత? 2024లో అంతర్జాతీయ వైద్యసంస్థ కె.డి.ఐ.జి.ఓ. ప్రకటించిన సూత్రములనుబట్టి, వ్యాధి మధ్యమదశ దాటియు డయాలిసిస్ ఆరంభింపనివారికి శరీరపు బరువు కిలో ఒక్కింటికి దినమునకు 0.8 గ్రాములు, 1.3 మించరాదు. 60 కిలోల మనుష్యునకు 48 గ్రాములగును. 300 గ్రాముల బియ్యము, 50 గ్రాముల కందిపప్పు, 200 గ్రాముల పెరుగు కలిపిన సుమారు 40 మాత్రమే. ఒక గ్రుడ్డునకు గూడ చోటున్నది! పైగా పప్పులోని భాస్వరము మాంసములోని దానివలె నంతగా రక్తమున జేరదు, ఆమ్లమును తక్కువ. రక్తమున పొటాసియము హెచ్చినవారు మాత్రము పప్పు పరిమాణమును వైద్యుని యడిగి నిర్ణయించుకొనవలెను.

మాంసకృత్తులను మిక్కిలి తగ్గించుటవలన గలుగు లాభము 1994లో అమెరికాలో వెలువడిన గొప్ప పరిశోధనయందును నిస్సంశయముగా తేలలేదు. నష్టము మాత్రము స్పష్టము: కండ కరగును. కండ కరగినచో క్రియాటినిన్ సంఖ్య తగ్గవచ్చును. బంధువులు దానిని జూచి సంతోషింతురు. అది ఆరోగ్యము గాదు. మఱియు శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున మధుమేహము లేని కృషీవలులకును ఈ వ్యాధి వచ్చుచుండగా, ప్రతి రోగిని తిండిపోతని నిందించుట యన్యాయము.

డయాలిసిస్ జరుగువారి విషయము వేఱు. రక్తశుద్ధిలో మాంసకృత్తుల యంశములు గొంత పోవును గాన వారికి కిలోకు 1.0 నుండి 1.2 గ్రాములు కావలెను. తొలినాటి పథ్యమునే వారికి కొనసాగించు గృహములు పెక్కు గలవు.

రేపటి విందునకు ఉప్పు తగ్గించిన పప్పును వేఱుగ వండింప వంటవారితో చెప్పియుంటిమి. వ్యాధి పేరు చెప్పనక్కఱలేదు, అడిగిన వడ్డింతురు.