దూరదేశం నుంచి సిపాయి ఉత్తరం
(రాత్రి బడిలో చేసిన ప్రసంగం)



బతుకమ్మ దగ్గరపడింది. తంగేడు పూసింది. గల్ఫ్‌కు పోయినవాళ్లు పండుగకు వస్తారా, రారా అని ఎన్నో ఇండ్లలో ఎదురుచూస్తున్నారు. నిజామాబాద్, బోధన్, ఆర్మూర్ వైపు ఇది ఏటా ఉండేదే. ఇయ్యాల మీకు వంద ఏండ్ల కిందటి ఎదురుచూపు గురించి చెప్తాను.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. అప్పుడు మన జిల్లా నిజాం రాజ్యంలో ఉండేది. ఇంగ్లీషువాళ్ల తరఫున పోరాడటానికి నిజాం తన గుర్రపు దండును ఈజిప్టుకు పంపాడు. దాని పేరు హైదరాబాద్ లాన్సర్లు. ఇంగ్లీషు సర్కారు సైన్యంలోని దక్కన్ హార్స్ అనే ఇంకో గుర్రపు దండు ఫ్రాన్సుకు పోయింది. యుద్ధం 1918 నవంబర్ 11న ఆగింది. ఈలోగా ఎన్ని దసరాలు, ఎన్ని రంజాన్లు దాటిపోయాయో మీరే లెక్క వేయండి.

ఢిల్లీలో తీన్ మూర్తి అనే చోట మూడు సిపాయి విగ్రహాలు ఉన్నాయి. హైదరాబాద్, జోధ్‌పూర్, మైసూరు దండుల గుర్తుగా 1922లో వాటిని నిలిపారు. కానీ సిపాయి మనసులో ఏముందో విగ్రహం చెప్పదు. ఉత్తరం చెప్తుంది.

ఫ్రాన్సుకు పోయిన మన దేశపు సిపాయిలు చలిలో, బురదలో ఉండి ఇంటికి ఉత్తరాలు పంపేవారు. పంటల సంగతి, పశువుల సంగతి, పెండ్లిళ్ల సంగతి అడిగేవారు. ఇల్లు చూడాలని ఉందని చెప్పుకునేవారు.

అయితే వాళ్లలో చాలామందికి చదువు రాదు. సిపాయి చెప్తుంటే చదువొచ్చిన ఇంకొకరు రాసేవారు. తర్వాత సర్కారు ఆఫీసులో ఉత్తరం విప్పి చదివేవారు. యుద్ధం గుట్టు బయటపడే మాట ఉంటే కొట్టేసేవారు. ఒక్కోసారి ఉత్తరాన్నే ఆపేసేవారు. ఊరు చేరినంక, ఇంట్లో చదువు రాకుంటే ఇంకెవరో చదివి వినిపించాలి. ఇంతమంది చేతులు దాటితేనే మగని మాట భార్యకు అందేది. ఇంతమంది వింటుంటే ఎవరు మనసు విప్పి చెప్పగలరు?

కొందరు సిపాయిలు ఉపాయం చేశారు. నల్ల మిరియాలు అంటే మన సిపాయిలు. ఎర్ర మిరప అంటే తెల్ల సిపాయిలు. మిరియాలు అయిపోవచ్చాయంటే మనవాళ్లు చాలామంది పోయారని అర్థం. ఆ గుట్టు కూడా ఆఫీసరు పట్టుకున్నాడు! ఆ ఉత్తరాల్లోని మాటలను ఇంగ్లీషులోకి మార్చి రాసిపెట్టారు. ఆ కాగితాలు ఇప్పటికీ లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

ఇది పాత ముచ్చట అనుకోకండి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్ మీద పడింది. అక్కడున్న మనవాళ్లు సిపాయిలు కారు. పొట్టకూటికి పోయినవాళ్లు. అయినా యుద్ధంలో చిక్కారు. మన సర్కారు లక్షా డెబ్బై వేలకు పైగా మందిని విమానాల్లో తెచ్చింది. ఆ ఏడు దసరా సెప్టెంబర్ 29న వచ్చింది. అప్పటికి కొందరు ఇల్లు చేరారు. కొందరు ఇంకా దారిలోనే ఉన్నారు.

ఇప్పుడు చేతిలో ఫోన్ ఉంది కదా, చదువెందుకు అని కొందరు అడుగుతారు. ఫోన్‌లో మీ ఆయన రాసి పంపిన మాటను పక్కింటి పిల్లవానితో చదివిస్తే ఏమైతది? మీకన్నా ముందు ఆ పిల్లవానికి తెలుస్తుంది. కొన్ని మాటలు ఇద్దరి మధ్యనే ఉండాలి. చదువు వస్తేనే అది కుదురుతుంది.

అందుకని ఈ రాత్రి ఒక పని చేద్దాం. దూరాన ఉన్న మీ మనిషికి నాలుగు వాక్యాలు రాయండి. చెరుకు ఎట్లుందో రాయండి. బతుకమ్మకు ఏ పూలు తెచ్చారో రాయండి. మనసులో ఉన్నది కూడా రాయండి. ఒత్తు మరిచినా, దీర్ఘం మరిచినా మీ వాళ్లకు అర్థమవుతుంది. నాకు చూపించనవసరం లేదు.

కింద మీ పేరు మీ చేతితోనే రాయండి. వేలిముద్ర వద్దు.