డప్పు మనది, మాట ఎవరిది?

(దళితవాడ కార్యకర్తల కూటమిలో చేసిన ప్రసంగ పాఠం)

 

తరతరాలుగా ఊళ్ళో వార్త చాటింది ఎవరు? మనమే. శిస్తు కట్టాలన్నా, జాతర జరగాలన్నా, చావు కబురు పక్కూరికి పోవాలన్నా డప్పు మన భుజానే ఉంది. కానీ ఆ డప్పు మీద మన కష్టం ఒక్కటన్నా చెప్పనిచ్చారా? డప్పు మనది, గొంతు మనది, మాట మాత్రం దొరది. తర్వాత పంచాయతీ ఆఫీసుకి రేడియో వచ్చింది. వాళ్ళు అరుగు మీద కూర్చుని విన్నారు, మేం దూరంగా నిలబడి విన్నాం. ఢిల్లీ వార్త మా వాడకి తెలిసింది. మా వాడ వార్త ఢిల్లీకి ఎప్పుడన్నా చేరిందా?

అందుకే మన పెద్దలు మాటని పట్టుకున్నారు. బాబాసాహెబ్ 1920లో 'మూక్‌నాయక్' పెట్టారు. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1931లో 'భాగ్యనగర్' పెట్టారు. అయితే పత్రికకి చదువు కావాలి. రేడియోకి చెవులుంటే చాలు.

గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు రాసినవారిలో జస్టిస్ పి.బి. సావంత్ ఒకరు. 2006లో స్వచ్ఛంద సంస్థలు కూడా సామాజిక రేడియో పెట్టుకోవచ్చన్నారు. 2008 అక్టోబర్ 15న జహీరాబాద్ దగ్గర మాచనూరులో 'సంఘం రేడియో' మొదలైంది. సావంత్ గారే వచ్చి ప్రారంభించారు. నడిపింది ఎవరనుకుంటున్నారు? డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత ఆడవాళ్ళు! జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ మైకు ముందు కూర్చుని విత్తనాల గురించి, పంటల గురించి తమ యాసలోనే మాట్లాడారు.

సంతోషమే. కానీ లైసెన్సులో ఒక ముడి వేశారు. సొంతంగా వార్తలు చెప్పకూడదు, రాజకీయం మాట్లాడకూడదు. డబ్బున్నోడు టీవీ పెట్టి పొద్దంతా రాజకీయం మాట్లాడొచ్చు, పత్రిక పెట్టి రాసుకోవచ్చు. రేడియోకి మాత్రం దేశ భద్రత అడ్డం వచ్చిందట! ప్రైవేటు ఎఫ్.ఎం.లకి 2011లో ఇచ్చిన విధానం చూడండి. నీళ్ళ సరఫరా గురించి, కరెంటు గురించి చెబితే అది వార్త కాదన్నారు. అంటే రేపు నీళ్ళు రావని చెప్పొచ్చు. మాల మాదిగ వాడకి ఇన్నేళ్ళుగా పైపు ఎందుకు రాలేదని అడిగితే? అది రాజకీయం అంటారేమో! రేషన్ బియ్యం తూకం, శ్మశానం జాగా, అసైన్డు భూమి కబ్జా... ఇవి మనకి వార్తలు కావు, బతుకు. బతుకుని రాజకీయం అని ఎవరు పేరు పెట్టారు?

అయితే ఏం చేద్దాం? రూలు మార్చమని అడుగుదాం. మారేదాకా నోరు కట్టుకుని కూర్చోం. చట్టం ఏం చెబుతుందో మైకులో చెప్పడానికి అడ్డమేముంది? 1989 అట్రాసిటీ చట్టం చెబుదాం, 2005 సమాచార హక్కు చట్టం చెబుదాం, అర్జీ ఎట్లా పెట్టాలో చెబుదాం. మిగిలింది వాడ మధ్యలో, వేపచెట్టు కింద కూర్చుని మాట్లాడుకుందాం. తేదీ, ఊరు, జరిగిన సంగతి రాసి పెట్టుకుందాం. విన్నదల్లా చాటొద్దు. కళ్ళారా చూసినవాళ్ళని అడిగి చెబుదాం. మన మాట ఒక్కటి అబద్ధమైతే వంద నిజాలూ కొట్టుకుపోతాయి.

ఇంకొక్కటి, ఇది మనలో మనం అనుకోవాల్సింది. మైకు దొరగానే మగవాళ్ళమే లాక్కుంటున్నాం. దొర మన మాట మింగినట్టు మనం మన ఆడవాళ్ళ మాట మింగితే తేడా ఏముంది? ముందు వాళ్ళని మాట్లాడనిద్దాం.

డప్పు ఎటూ మనదే. ఇక మాట కూడా మనదే కావాలి. జై భీమ్!