యుద్ధం లేని కాలపు కవచాలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరుగా నీకు తెలిసినదేదైనా చెప్పమని కమిటీ వారు అడిగారు. నా పని పంపులు, వాల్వుల లెక్కలు. వాటి గురించి ఇరవై నిమిషాలు మాట్లాడితే భోజనాల దాకా ఎవరూ ఆగరు. అందుకని ఉద్యోగం మీద జపాన్ వెళ్లినప్పుడు సెలవు రోజుల్లో మ్యూజియంలలో చూసి, తర్వాత పుస్తకాల్లో చదువుకున్న విషయం ఒకటి ఎంచుకున్నాను. అవి సమురాయ్ కవచాలు. అందులోనూ యుద్ధానికి కాక, హోదా చూపడానికి చేయించుకున్నవి.

పాతకాలపు జపాన్ కవచంలో పెద్ద ఇనప పలకలు తక్కువ. ఇనుముతోనో తోలుతోనో చేసిన చిన్న చిన్న రేకులను వేల సంఖ్యలో పట్టు తాళ్లతో వరసలుగా కట్టేవారు. విలుకాళ్ల యుద్ధానికి అది సరిపోయింది. 1543లో పోర్చుగీసు వారి ద్వారా తుపాకి వచ్చింది. దాంతో కవచాలు చేసేవారు పెద్ద పలకలకు, తక్కువ అల్లికకు మారారు. కొన్నిటిని తుపాకితో కాల్చి పరీక్షించి, గుండు తగిలిన సొట్టను అలాగే ఉంచేవారు. మన భాషలో చెప్పాలంటే అది టెస్ట్ సర్టిఫికెట్.

1603లో తోకుగావా ఇయెయాసు షోగన్ అయ్యాడు. 1615లో ఒసాకా కోట పడిపోయింది. 1637-38లో జరిగిన షిమబారా తిరుగుబాటును మినహాయిస్తే, ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు పైగా అక్కడ పెద్ద యుద్ధం లేదు. యుద్ధం పోయింది కానీ యోధుల వర్గం పోలేదు. కత్తి దూసే అవసరం లేని యోధుడు తాను యోధుణ్ణని లోకానికి ఎలా చూపాలి? ఆ పని కవచం చేసింది.

1635 నుంచి దైమ్యోలు, అంటే సామంత ప్రభువులు, ఒక ఏడాది సొంత సంస్థానంలో, ఒక ఏడాది రాజధాని ఎదోలో ఉండాలని నియమం పెట్టారు. పరివారంతో ఊరేగింపుగా వెళ్లేవారు. ఆ ఊరేగింపులో కవచాల పెట్టెలు, వాటిమీద వంశచిహ్నం. కొత్త సంవత్సరంలో ఇంట్లో కవచాన్ని నిలబెట్టి, దాని ముందు మోచి ముద్దలు పెట్టేవారు. మన ఆయుధపూజ గుర్తొస్తుంది. దేశాల మధ్య కానుకగానూ అదే వెళ్లింది. 1613లో షోగన్ హిదెతాదా ఇంగ్లండ్ రాజు మొదటి జేమ్స్‌కు రెండు కవచాలు పంపాడు.

ఇంజనీరుగా నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి ఒకటుంది. 18వ శతాబ్దంలో మళ్లీ పాతకాలపు కవచాల మీద మోజు పెరిగింది. దట్టమైన పట్టు అల్లిక, వెడల్పాటి భుజపలకలు, నుదుటిపై బంగారు పూత కొమ్ములు. చూపుకు గొప్పగా ఉంటాయి. 1800లో సకకిబారా కోజాన్ అనే పండితుడు వీటి మీద ఘాటుగానే రాశాడు. తడిస్తే బరువెక్కుతాయి, త్వరగా ఆరవు, చలికాలం గడ్డకడతాయి, దూరపు దండయాత్రల్లో వాసన కొట్టి పేలూ చీమలూ చేరతాయి అన్నాడు. డిజైన్ మూడు వందల ఏళ్లు వెనక్కి నడిచిందన్నమాట.

అయితే పనితనం మాత్రం వెనక్కి నడవలేదు. ఒక రకం శిరస్త్రాణంలో 62 సన్నని ఇనప పలకలను ఒకదానిపై ఒకటి కప్పి రివెట్లు కొడతారు. ప్రతి పలక అంచూ పైకి మడిచి ఉంటుంది, ఆ గీతలన్నీ నడినెత్తిన సమంగా కలవాలి. ముఖానికి తొడిగే ఇనప ముసుగుకు మీసాలు పెట్టి భయంకరంగా చేసేవారు. దాని గడ్డం కింద మాత్రం చెమట కారడానికి చిన్న రంధ్రం!

పైన వేసే మెరుపుపూత ఉరుషి. మన ఏటికొప్పాక బొమ్మల లక్క పురుగుల నుంచి వస్తుంది. ఇది చెట్టు పాలు. ఆ చెట్టు మామిడి, జీడిమామిడి కుటుంబానిదే, పచ్చిపాలు తగిలితే జీడిసొన తగిలినట్టే ఒళ్లు పొక్కుతుంది. ఒక్కో చెట్టు ఇచ్చేది సుమారు 200 గ్రాములే. ఈ పూత ఎండకు ఆరదు, తేమ గాలిలో ఉంచితేనే గట్టిపడుతుంది. ఒక పూత, మళ్లీ సాన, మళ్లీ పూత. తొందరపెడితే కుదరదు. ఇయెయాసు సేనాని హోండా తదకత్సు శిరస్త్రాణం మీద పెద్ద జింక కొమ్ములు కనిపిస్తాయి. అవి కాగితం పొరలు అతికించి, పైన ఉరుషి పూసినవి. ఇనుముతో చేసుంటే మెడ ఏమయ్యేదో ఆలోచించండి.

ఈ పనిలో పేరెన్నికగన్న వంశం మ్యోచిన్. శాంతికాలంలో ఈ వంశపు కమ్మరులు తమ విద్యను కొత్త దారి పట్టించారు. ఇనప పాములు, పీతలు, డ్రాగన్లు చేశారు, కీలుకీలూ కదిలేలా. మ్యోచిన్ మునెఅకి 1713లో చేసిన డ్రాగన్ టోక్యో నేషనల్ మ్యూజియంలో ఉంది. ఒళ్లు మెలితిరుగుతుంది, గోళ్లు కదులుతాయి.

తర్వాత 1868లో షోగన్ల పాలన ముగిసింది. 1871లో సంస్థానాలు రద్దయ్యాయి. 1876లో సమురాయ్‌లు కత్తి ధరించడం కూడా నిషిద్ధమైంది, భృతి ఆగిపోయింది. తరాలుగా పూజలందుకున్న కవచాలు పాతసామాను దుకాణాలకు చేరాయి. విదేశీయులు కొనుక్కున్నారు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో అలాంటి సేకరణ ఒకటి ఉంది. దాన్ని కూర్చిన బ్యాష్‌ఫర్డ్ డీన్ అసలు వృత్తి చేపల శాస్త్రం!

కవచం కొన్నవాడి హోదా అలా ముగిసింది. మరి చేసినవాడి సంగతి? హిమేజీ ప్రభువు కొలువులో ఉన్న మ్యోచిన్ కుటుంబం బొగ్గు కుంపట్లలో నిప్పు సర్దే ఇనప పుల్లలు చేసి బతికింది. గ్యాసు, కరెంటు వచ్చి కుంపట్లూ పోయాయి. అప్పుడు అవే పుల్లలను దారాలకు వేలాడదీసి గాలిగంటలుగా మలిచారు. సుత్తితో సాగగొట్టిన ఇనుము కదా, గాలి తగిలితే సన్నగా, చాలాసేపు మోగుతుంది. ఈనాటికీ హిమేజీలో ఆ గంటలు చేస్తున్నారు. కవచం పోయింది, కుంపటి పోయింది, చేతిలోని విద్య మిగిలింది.

ఇక్కడ కూర్చున్న వాళ్లలో చాలామందిమి ఉద్యోగ విరమణకు దగ్గరపడ్డాం. విజిటింగ్ కార్డు మీది హోదా ఆ రోజు సాయంత్రంతో సరి. మన గురువులు మనకు హోదా ఇవ్వలేదు. గీత సరళంగా గీయడం, లెక్క రెండోసారి సరిచూడటం, చేసిన పని విప్పి మళ్లీ చేయడం నేర్పారు. నాకు ఇంకా అన్నం పెడుతున్నవి అవే.

అందుకే కమిటీ వారికి ఒక మనవి. స్వర్ణోత్సవ నిధితో దాతల పేర్లు చెక్కిన ముఖద్వారం కట్టాలన్న ఆలోచన ఉందని విన్నాను. తప్పు కాదు, అందంగానే ఉంటుంది. కానీ అంతకన్నా ముందు పిల్లలకు ఒక పనిగది కట్టిద్దాం. బల్లలు, ఆకురాయి, సుత్తి, రంపం, సోల్డరింగ్ ఐరన్, కుట్టుమిషన్, వారానికి రెండు పీరియడ్లు. నేర్పడానికి మనలోనే మనుషులున్నారు. నెలకో శనివారం నేను వస్తానని గురువుల సమక్షంలో మాటిస్తున్నాను. డబ్బు మిగిలితే ముఖద్వారం గురించి అప్పుడు మాట్లాడుకుందాం.