మంచం పక్కన ఇంకో మనిషి

నేను డాక్టరును కాను, బడిపంతులును. ఒక అనుభవం చెప్పి, ఒక విన్నపం చేసి కూర్చుంటాను.

కొన్నేళ్ళ కిందట మా అబ్బా జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది. మూడో రోజు రాత్రి సెలైన్ సూది పీకేశారు. నన్ను గుర్తుపట్టలేదు. గోడ మీద ఎవరో ఉన్నారని కేకలు పెట్టారు. వార్డంతటికీ ఒకే సిస్టర్. ఆమెకు భయం, నాకు సిగ్గు. చివరికి ఆయన చేతులు మంచానికి కట్టేశారు. పక్కవాళ్ళు పిచ్చి అన్నారు. నేనూ నమ్మాను.

తెల్లారాక మానసిక వైద్యంలో శిక్షణ పొందిన నర్సు ఒకామె వచ్చింది. ముందు కట్లు విప్పించింది. "ఇది పిచ్చి కాదు మాస్టారూ, డెలీరియం. పెద్దవయసులో ఆపరేషన్ తర్వాత వస్తుంటుంది. ఇన్ఫెక్షనో, ఒంట్లో నీరు తగ్గడమో, ఏదో మందు పడకపోవడమో కారణం కావచ్చు" అని డాక్టరుగారితో మాట్లాడి పరీక్షలు చేయించింది. అబ్బాకు కళ్ళజోడు పెట్టించింది. పగలు కిటికీ తెరవమంది, రాత్రి నిద్ర చెడగొట్టవద్దంది. ఆయనతో ఎలా మాట్లాడాలో వార్డు సిస్టర్‌కు పక్కనుండి చూపించింది. మూత్రంలో ఇన్ఫెక్షన్ అని తేలింది. నాలుగు రోజులకు అబ్బా నన్ను పేరు పెట్టి పిలిచారు.

ఆమె రోగికే కాదు, ఆ సిస్టర్‌కూ అండగా నిలిచింది. అమెరికా, బ్రిటన్ ఆసుపత్రుల్లో దీన్ని లయజాన్ నర్సింగ్ అంటారు. పురుగుమందు తాగి బతికిన పిల్ల, తాగుడు ఆపిన రెండు మూడు రోజులకు వణుకుతూ కలవరించే మనిషి, కాన్పయ్యాక బిడ్డ వైపు చూడని తల్లి, వీళ్ళు ముందు వచ్చేది మామూలు వార్డుకే. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా చూడాలని, వారికి చికిత్స, పునరావాసం ప్రభుత్వ బాధ్యత అని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. చట్టం మంచం దగ్గరికి నడిచి రాదు. మనిషి రావాలి.

నా విన్నపం ఇదే. నర్సింగ్ పూర్తిచేసిన మన అమ్మాయిలు మానసిక ఆరోగ్య నర్సింగ్‌లో ఏడాది డిప్లొమా చదవవచ్చు. ఆ ఏడాది జీతం పోతుందనే చాలామంది ఆగిపోతారు. ఏటా ఇద్దరికి ఫీజుతో పాటు ఇంటి ఖర్చు కూడా మీరు భరించండి. ఈలోగా 14416 టెలీ మానస్ నంబరును ప్రతి ఇంటి గోడ మీదా రాయించండి. అది ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది.

అబ్బా ఇప్పుడు లేరు. ఆయన మణికట్ల మీద పడిన ఆ కట్ల గుర్తులు మాత్రం నాకింకా కనబడుతుంటాయి. ఇంకో ఇంట్లో ఎవరికీ అవి కనబడకూడదనే అడుగుతున్నాను. సెలవు.