తపస్సు కాలము - మా ఒక్కపొద్దు

విభూది బుధవారమునాడు నొసట బూడిదతో గుడినుండి మరలివచ్చు కతోలిక కుటుంబములను శ్రోతలలో పలువురు చూచియే యుందురు. మీకును విభూతి యున్నదా యని పొరుగువారు మమ్ము వేడుకగా నడుగుట కద్దు. ఉన్నది. అయితే దాని పుట్టుక వేరు. క్రిందటి యేటి మట్టల ఆదివారమునాడు గుడిలో ఆశీర్వదించి పంచిన కొబ్బరి మట్టలను, ఈత మట్టలను మేము ఇంటికి దెచ్చి, చూరులోనో, గోడనున్న సిలువ వెనుకనో చెక్కియుంతుము. ఏడాది తిరుగునప్పటికి అవి యెండి పెళుసెక్కును. వానినే పోగుచేసి, కాల్చి, ఆ బూడిదతో గురువు మా నొసట సిలువ గుర్తు వేయును. మనుష్యుడు మట్టినుండి వచ్చినవాడని జ్ఞాపకము చేయును. నిరుడు జేజేలు పలుకుచు నెత్తిపట్టిన మట్టయే నేటి బూడిద.

ఈ బుధవారమునకు నిలుకడయైన తేదీ లేదు. మార్చి 21 నాటి విషువత్తు మొదలు వచ్చు పూర్ణిమ దాటిన ఆదివారము పాస్కా పండుగ. కావున పండుగ మార్చి 22కు, ఏప్రిలు 25కు నడుమను, విభూది బుధవారము ఫిబ్రవరి 4కు, మార్చి 10కి నడుమను వచ్చును. తిథులు చూచి పండుగ చేసికొనువారికి ఈ లెక్క వింతగా దోపదు. బుధవారము మొదలు పాస్కా ముందటి శనివారము వరకు 46 దినములు. ఆదివారములు ఉపవాసమునకు చెల్లవు గనుక ఆరింటిని తీసివేయగా మిగిలినవి 40. క్రీస్తు ప్రభువు ఎడారిలో ఉపవసించినవియు నన్నియే. 2025వ సంవత్సరమున రంజాను నెల మొదలైన మూడునాళ్ళకే మా బుధవారము వచ్చెను. ఒకే వీధిలో ఇరుగున రోజా, పొరుగున ఒక్కపొద్దు!

ఈ దినములలో గుడిలో గురువు ఊదారంగు వస్త్రములు ధరించును. అల్లెలూయ పాట వినబడదు. పెండ్లిండ్లు పెట్టుకొనరు. కొన్ని యిండ్లలో సినిమా పాటలు మానుదురు. మా యింట శుక్రవారము సాయంకాలము రేడియోయే కట్టివేయుదుము. మైకు ముందు కూర్చుండి ఈ మాట చెప్పుట కృతఘ్నతయే, శ్రోతలు మన్నింతురుగాక.

ఉపవాసపు నియమములు మా పెద్దల నాటికంటె నేడు చాల తేలిక. 1917 నాటి శ్రీసభ ధర్మశాస్త్రము ప్రకారము ఆదివారములు తప్ప ఆ కాలమంతయు ఉపవాసమే. 1966లో ఆరవ పౌలు పోపుగారు దానిని సడలించిరి. ఇప్పుడు విధిగా ఉపవసింపవలసినవి విభూది బుధవారము, క్రీస్తు మరణించిన శుక్రవారము, ఈ రెండు దినములే. 18 ఏండ్లు నిండినది మొదలు 60వ యేడు ప్రవేశించు వరకు ఆ విధి వర్తించును. ఆ దినము ఒక్క పూట నిండు భోజనము, తక్కిన రెండు పూటలు కొద్దిపాటి ఆహారము. 14 ఏండ్లు నిండినవారు ఈ కాలపు శుక్రవారములందు మాంసము ముట్టరాదు. చేపలకు నిషేధము లేదు. ఈ సందు చూచుకొని, శుక్రవారము కోడికూర మానితిమని చెప్పి కొరమీను పులుసుతో రెండు మార్లు అన్నము కలుపుకొనువారు మాలో లేకపోలేదు. శాస్త్రము వారిని తప్పుపట్టదు. మా నాయనమ్మ మాత్రము తప్పుపట్టెడిది.

ఆమెకు 1966 రానేలేదు. నలువది దినములును ఒక్కపొద్దే. ప్రతి సాయంకాలము, రాత్రి తాను తినవలసిన బియ్యమును సోలతో కొలిచి వేరొక కుండలో పోసెడిది. తినని బియ్యము మరల ఇంటి గాదెలో కలియరాదని ఆమె పట్టు. కలిసినచో అది ఉపవాసము గాదట, పొదుపట! మట్టల ఆదివారము ముందు ఆ కుండ దిక్కులేని యే ముసలివారి యింటికో చేరెడిది. ప్రార్థన, ఉపవాసము, దానము ఒకదానిని విడిచి యొకటి బ్రతుకవని 5వ శతాబ్దమున రవెన్నా పీఠాధిపతియైన పేతురు క్రిసోలోగుగారు బోధించిరి. నాయనమ్మ ఆ పేరు విని యెరుగదు.

ఇక సిలువ మార్గము. శుక్రవారము సాయంకాలము గుడి గోడలనున్న 14 స్థలముల యెదుట నిలిచి, ప్రభువు సిలువ మోసిన త్రోవను ధ్యానింతుము. స్థలముల సంఖ్యను 1731లో పన్నెండవ క్లెమెంటు పోపుగారు స్థిరపరచిరి. విజయవాడ గుణదలలో కొండ మెట్ల వెంట ఈ స్థలములను ధ్యానించుచు, శిఖరమున నున్న సిలువ దాక నెక్కుదురు. ప్రతి స్థలమునొద్ద మోకాలూనవలెను. పదునాలుగు మార్లనగా వినుటకు స్వల్పమే. దినమంతయు నడుము వంచి పనిచేసి వచ్చినవారికి స్వల్పము గాదు.

గుంటూరు సీమలో తపస్సు కాలమును మిరప కోతలును ఒక్కసారే వచ్చును. కొన్ని యేండ్ల క్రిందట, మూడవ శుక్రవారమునాడు, మా చేనికి కూలికి వచ్చు నొక యామె సిలువ మార్గమున మా ముందు వరుసలో నుండెను. కాయలు కోసిన చేతులు మండుచుండగా కొంగున ముడుచుకొని, ప్రతి స్థలమునొద్దను మోకాలూనుచుండెను. ప్రొద్దున తిన్న చద్ది తప్ప ఆమె కడుపున నేమియు లేదని మాకు దెలియును. మేమును ఆ మధ్యాహ్నము భోజనము మానితిమి. మానినట్లు మాకు బాగుగా జ్ఞాపకము గూడ నుండెను.

ప్రార్థన ముగిసిన పిదప గురువుగారి నడిగితిమి: "స్వామీ, ఇంత కష్టపడువారు గూడ ఒక్కపొద్దు ఉండవలెనా? ఆమెకు తాము చెప్పరాదా?"

"ఒళ్ళు వంచి పనిచేయువారికి ఆ విధి పట్టదు, చెప్పెదను" అని, ఆయన చెప్పులు తొడుగుకొనుచు, "ఆమెకు కూలి ముట్టినదా?" యని యడిగిరి.

ముట్టలేదు. కాయలు ఇంకను కళ్ళములో ఎండుచుండెను. యార్డుకు పంపి, అమ్ముడైన పిమ్మట లెక్క చూతమని అందరికిని చెప్పియుంటిమి. ఆ పద్ధతి చుట్టుప్రక్కల అందరిదియు గనుక అందు తప్పు తోచలేదు. విభూది బుధవారము పిమ్మటి శుక్రవారమున గుడిలో యెషయా ప్రవక్త గ్రంథము 58వ అధ్యాయము చదువుదురు. ఉపవాసదినముననే పనివారిని పీడించువారిని ప్రవక్త నిలదీయుట అందున్నది. ఆ యేడును చదివిరి. చదివినది మేమే, చక్కగా చదివితిరని మెచ్చుకొన్నవారును గలరు.

ఆ రాత్రి ఇంట పెద్ద చర్చ జరిగినది. చేత నున్న పైకము పాస్కాకు పిల్లల క్రొత్త బట్టలకని దాచినది. పిల్లల బట్టలు ఆపి కూలి యిచ్చుట యేమి న్యాయమని ఇల్లాలు, కూలివారికి పిల్లలు లేరాయని మా తల్లిగారు. ఎటు తేలకయే ప్రొద్దు గడచినది. తుదకు శనివారము ప్రొద్దుగ్రుంకునప్పుడు పద్దు పుస్తకము దెచ్చి, అందరిని పిలిచి, ఎవరిది వారికి లెక్కపెట్టి యిచ్చితిమి. ఆ యేటి పాస్కాకు పిల్లలు ఉతికిన బట్టలతోనే గుడికి వచ్చిరి. చిన్నవాడు రెండు దినములు మాతో మాటలాడలేదు.

ఆమె మాత్రము రూకలు పుచ్చుకొని కదలలేదు. వ్రేళ్ళు మడిచి లెక్క చూచుకొని, "అయ్యా, పదిహేడు గాదు, పద్దెనిమిది రోజులు" అనినది. పుస్తకము తిరుగవేసి చూచితిమి. ఆమె చెప్పినదే నిజము. వ్రాయక విడిచిన దినము విభూది బుధవారము. ఆ ప్రొద్దున మేము బూడిద పెట్టించుకొనుటకు గుడికి పోయి, పద్దు సంగతి మరచితిమి. ఆమె చేనికి వచ్చినది.