ఎక్కడ కాపీ కొట్టావు?



ఈ బడిలోనే చదివి, ఈ బడిలోనే ఇంగ్లిషు చెప్పి రిటైరైనదాన్ని. మైకు ఇస్తే పాఠం చెప్పడమే వచ్చు. ఇవాళ్టి పాఠం ఓషన్ వువాంగ్ అనే కవి.

1988లో వియత్నాంలో పుట్టాడు. రెండేళ్ల పిల్లవాడిగా శరణార్థి కుటుంబంతో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ చేరాడు. తల్లికి చదువు రాదు. గోళ్లకు రంగులు వేసే సెలూన్లో పని. ఓషన్ అన్న పేరు ఆవిడ పెట్టిందే. ఒకే సముద్రం అటు వియత్నాంనూ ఇటు అమెరికానూ తాకుతుందని తెలిసి మురిసిపోయిందట. పదకొండేళ్లు వచ్చేదాకా పిల్లవాడికి చదవడం పట్టుబడలేదు.

నాలుగో తరగతిలో కవిత రాయమన్నారు. ఇంగ్లిషు అంతంతమాత్రమే గానీ, లైబ్రరీలో మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగాల క్యాసెట్ విన్న చెవులు. రాసుకొచ్చాడు. ఎక్కడ కాపీ కొట్టావని మాస్టారు డెస్కు ఖాళీ చేసి వెతికాడు. ఏమీ దొరకలేదు. 2016లో వువాంగే ఒక వ్యాసంలో రాసుకున్నాడు.

మనవరాలు పంపితే చదివి, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేనూ అదే మాట అన్నాను. హోటల్లో గ్లాసులు కడిగి బడికొచ్చే కుర్రాడు వాన మీద వ్యాసం రాస్తే, క్లాసంతా వింటుండగా అన్నాను. వాడు మాట్లాడలేదు. ఆ తర్వాత గైడులో ఉన్నదే రాశాడు. పది పాసై వెళ్లిపోయాడు. ఆ వేసవిలో బీరువా సర్దుతుంటే వాడి రఫ్ నోట్సు దొరికింది. అదే వ్యాసం, మూడుసార్లు కొట్టేసి దిద్దుకున్నది!

వువాంగ్ ఆగిపోలేదు. బిజినెస్ కోర్సులో చేరి, కొన్ని వారాలకే మానేసి, బ్రూక్లిన్ కాలేజీలో సాహిత్యం చదివాడు. మొదటి పూర్తి సంపుటికే 2017 టి.ఎస్. ఎలియట్ బహుమతి. 2019లో మెకార్థర్ ఫెలోషిప్. బహుమతుల కన్నా నాకు నచ్చింది వేరే. కొడుకు కవిత చదివే సభలో ఆ తల్లి కుర్చీని జనం వైపు తిప్పుకుని కూర్చునేదట. కవిత అర్థం కాకపోయినా, వినేవాళ్ల ముఖాలు మారడం చూసేది. 2019లోనే ఆమె పోయింది.

ఆ రఫ్ నోట్సు ఇవాళ సంచిలో తెచ్చాను. 1996 పదో తరగతి వాళ్లెవరైనా ఉంటే, భోజనాల దగ్గర ఒకసారి నన్ను కలవండి. వాడి పేరు మీకే చెబుతాను.