లేజరు కొలిమిలో గాలి పోకడలు



కమ్మరి కొలిమిలో ఇనుము ఎఱ్ఱగా కాగునే గాని ఆవిరి కాదు. ఇనుము 1,538 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరగును. మరగి ఆవిరియగుటకు సుమారు 2,860 డిగ్రీలు కావలయును. లేజరు కిరణము సోకినచోట, సన్నని ఇసుకరేణువంత మేర, లోహము రెప్పపాటులో ఆ స్థితి నందుకొనును.

నేడు విమానయంత్ర భాగములను, శరీరములో అమర్చు లోహపు కీళ్లను ఈ కిరణముతో పొరలుపొరలుగా కట్టుచున్నారు. వెండ్రుక మందమునకు మించకుండ లోహపు పొడిని పరచి, కావలసిన మేర కరగించి, దానిపై మఱియొక పొర పరతురు. 2016లో వాడుకలోనికి వచ్చిన లీప్ విమానయంత్రములలో చమురును చిమ్ము నాజిలు ఇట్లు పుట్టినదే. పూర్వము సుమారు 20 ముక్కలను అతికి చేయు వస్తువు ఒకే ముక్కగా వచ్చినది. అట్టి వస్తువు లోపల కంటికానని గుల్ల యొకటి మిగిలినచో, కాలక్రమమున అచ్చటనే పగులు పుట్టవచ్చును. ఆకాశమున పయనించువారి ప్రాణములతో ముడిపడిన సంగతి యిది.

లోహము గాలి సోకి చెడకుండ యంత్రపు పెట్టెలో ఆర్గాన్ వాయువును నింపుదురు. చిక్కు ఇచ్చటనే యున్నది. లోహపు ఆవిరి చిమ్మనగ్రోవి ధారవలె ఎగయుచు చుట్టునున్న ఆర్గాన్‌ను తనవైపు లాగుకొనును. వేగముగ పోవు బస్సు వెంట బాటప్రక్క ఎండుటాకులు లేచి పరుగిడుట అందఱు ఎఱిగినదే. అట్లే పొడిరేణువులును ఆ ధారలోనికి కొట్టుకొనిపోయి, కొన్ని నిప్పురవ్వలై దూరముగ పడును. కరగిన గీతకు ఇరుప్రక్కల పొడిలేని బోడిజాడ మిగులును.

రవ్వలన్నియు కరగిన లోహమునుండి చిట్లినవే యని తలచుట సహజము. అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాలవారు అతివేగపు కెమెరాలతో పరిశీలించి 2017లో ప్రకటించిన ఫలితము వేఱు. అట్లు చిట్లినవి నూటికి 15 మాత్రమే. తక్కినవన్నియు వాయువు ఈడ్చుకొనిపోయిన పొడియే!

కానరాని వాయువును చూచుట యెట్లు? వేసవి మధ్యాహ్నమున కళ్లముపై గాలి అలలాడినట్లు తోచును గదా. వేడిగాలి వెలుతురును వంచుటయే అందులకు కారణము. ఆ వంపును చిత్రముగా చూపు ష్లీరెన్ పద్ధతిని జర్మనీ దేశీయుడగు ఆగస్ట్ టోప్లర్ 1864లో వెలువరించెను. నూటయేబది యేండ్లు దాటిన ఆ పాతపద్ధతియే ఇప్పుడు అక్కఱకు వచ్చినది. స్కాట్లండులోని హెరియట్-వాట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దానిని లేజరు పనికి అమర్చి, 2018లో చిత్రములు ప్రకటించిరి. కిరణపు శక్తిని, వేగమును మార్చినకొలది ఆవిరిధార ఒరగు దిక్కు మాఱుట వానిలో కానవచ్చును.

పొగను, రవ్వలను తోలివేయుటకు పెట్టెలో ఆర్గాన్‌ను ఒకే దిక్కుగా పాఱింతురు. అది మందగించెనా, పొగ కిరణమునకు అడ్డుపడును. హెచ్చెనా, పరచిన పొడియే లేచిపోవును. చేటతో తూర్పారబట్టు వారికి ఈ కిటుకు క్రొత్తది కాదు. పెద్దరవ్వలు మాత్రము ఆ వాయువునకు లొంగక నడుమనే పడుచుండును. అందుచేత వాయువు వెడలిపోవు కొననుండి మొదలిడి, అది వచ్చు దిక్కునకు ఎదురుగా కరగించుచు పోవుదురు. రవ్వలు పడినను పని ముగిసిన మేరపైనే పడును.